గరిటె తోక

ఆదివారం పదకొండయ్యేసరికి గృహోపకరణాల షాపు కింది అంతస్తులో కాలు పెట్టే సందు లేదు. ఫ్రిజ్‌లు చూడటానికొచ్చినవాళ్లూ, ఫ్యాన్లు కొనడానికొచ్చినవాళ్లూ మెట్ల పక్కనున్న చిన్న బల్ల దగ్గర ఆగిపోతున్నారు. బల్ల వెనక నీలం ఏప్రన్ కట్టుకున్న డెమో అక్క కూరగాయలు తరిగే ఫుడ్ ప్రాసెసర్ ఖాళీ గిన్నెని పైకెత్తి అందరికీ చూపిస్తోంది.

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనపడదు. ఆమెకంటే వయసులో పెద్దవాడైన మేనేజరు కూడా డెమో అక్కా అనే పిలుస్తాడు. పదకొండేళ్లుగా ఆ బల్ల ఆమెది.

“ముందు ప్లగ్గు పెట్టకూడదు. ఏం పెట్టకూడదు?”

“ప్లగ్గు,” అన్నారు ముందు వరసవాళ్లు, బళ్లో పిల్లల్లా.

“ఆఁ. ముందు గిన్నె. ఇలా పెట్టి, ఇలా తిప్పాలి. టక్కుమనాలి. టక్కుమనలేదంటే కూర్చోలేదని. కుదరని గిన్నె, కుదరని సంబంధం, రెండూ బలవంతం చేస్తే విరుగుతాయి.”

జనం నవ్వారు. ఆమెది ఎడమచేతి వాటం. ఆ చేత్తోనే మధ్య కడ్డీని దించి, బ్లేడుని దాని నెత్తిమీదున్న ప్లాస్టిక్ పిడి పట్టుకుని ఎత్తింది.

“బ్లేడుని ఇక్కడే పట్టుకోవాలి. రెక్కల జోలికి పోకూడదు. కొత్త బ్లేడు అత్తగారి మాటలాంటిది. తగిలినప్పుడు తెలీదు, తర్వాత మండుతుంది. కడిగేటప్పుడు కూడా సబ్బు నీళ్లల్లో పడేసి చెయ్యి పెట్టి దేవుకోకండి. విడిగా కడిగి, విడిగా ఆరబెట్టుకోండి.”

క్యారెట్ ముక్కలు గిన్నె మీది గీత దాకా వేసింది. మూత పెట్టింది. మూత అంచున నాలుకలా పొడుచుకొచ్చిన ముక్క గిన్నె పిడిలో ఉన్న గాడిలోకి దూరితేగాని మోటారు కదలదని చెప్పింది. మూత మీది గొట్టంలోంచి ముక్కల్ని కర్రతోనే తొయ్యాలి తప్ప వేలితో కాదంది. ఆపాక కూడా బ్లేడు పూర్తిగా నిలబడేదాకా మూత మీద చెయ్యి వెయ్యకూడదంది. అన్నీ వరసగా, ఒక్కటీ వదలకుండా చెప్పింది.

జాగ్రత్తలు చెప్పేకొద్దీ జనం పలచబడతారు. అది ఎప్పుడూ జరిగేదే. వెనక వరసలో ఒకాయన భార్య మోచెయ్యి లాగుతున్నాడు. పై అంతస్తు కటకటాల దగ్గర నిలబడ్డ మేనేజరు కిందికి చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. ఆ సైగ ఆమెకి తెలుసు.

గిన్నె ఖాళీ చేసింది. మూత పక్కన పెట్టేసింది. ప్లాస్టిక్ గరిటెని తిరగేసి, తల కొంచెం వాల్చి, దాని సన్నటి తోకని ఎడమచేత్తో గాడిలోకి దించి నొక్కింది. మూత లేని గిన్నెలో బ్లేడు గిర్రున లేచింది. కుడిచేత్తో ఒక క్యాబేజీ ఆకుని పైనుంచి వదిలింది. ఆకు రెప్పపాటులో ఆకుపచ్చ దారాలై గిన్నె గోడలకి అతుక్కుంది.

“అబ్బ!” అంది జనంలో ఒకావిడ. మోచెయ్యి లాగుతున్న ఆయన లాగడం మానేశాడు.

“ఇది చూడటానికేనండోయ్, ఇంట్లో చెయ్యకూడదు,” అంది డెమో అక్క నవ్వుతూ. మోటారు హోరులో ఆమె పెదాలు కదలడం మాత్రం కనిపించింది. ఆ పూట ఐదు పెట్టెలు అమ్ముడుపోయాయి.

*

సోమవారం పొద్దున మేనేజరు తన గదిలోకి పిలిచాడు. బల్లమీద రెండు కాగితాలున్నాయి. ఒకటి చేత్తో రాసిన ఉత్తరం. అక్షరాలు ఇంతింతై, వంకర్లు పోయి, ఒక వరస మీద ఇంకో వరస పడుతోంది.

“చిన్నపిల్లెవరో రాసినట్టుంది,” అన్నాడు మేనేజరు. “చదువు.”

ఆమె నిలబడే చదివింది. ‘మూడు వారాల కిందట మీ దగ్గర మెషీను కొన్నాం. మా ఆయన వేలు తెగింది. ఆరు కుట్లు పడ్డాయి. ఆయన టైలరు. మీ మనిషి సరిగ్గా నేర్పలేదు. మీ మెషీను మీరు తీసుకుపోండి.’

ఆఖరి వాక్యం కంటే దాని ముందు వాక్యం దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. “సరిగ్గా నేర్పలేదా? నేనా?”

“నాకు తెలుసు కదా,” అన్నాడు మేనేజరు, రెండో కాగితం ముందుకి జరుపుతూ. “కంపెనీ వాళ్ల ఫారం. గురువారం వాళ్ల మనిషి వస్తాడు. కింద సంతకం పెట్టు, అయిపోతుంది.”

ఫారంలో అచ్చు వేసి ఉంది: ‘కొనుగోలుదారుకు అన్ని జాగ్రత్తలూ వివరించడమైనది. ప్రమాదం కొనుగోలుదారు అజాగ్రత్త వల్ల జరిగినది.’ కింద ‘ఇతర వివరాలు’ అని ఖాళీ స్థలం. ఆ కింద సంతకానికి చుక్కల గీత.

ఆమె పెన్ను అందుకుంది. మళ్లీ కింద పెట్టింది.

“మెషీను చూడటానికి వాళ్లింటికి మెకానిక్ బాబాయ్ ఎప్పుడెళ్తున్నాడు?”

“రేపు.”

“నేనూ వెళ్తాను. నేనేం నేర్పలేదో నా మొహం మీద చెప్పమనండి. తర్వాతే సంతకం.”

“వాళ్లతో గొడవెందుకు?”

“గొడవ కాదండీ. పదకొండేళ్లు గొంతు చించుకుంటే ఒక్క ముక్కతో కొట్టిపారేస్తే ఊరుకోమంటారా?”

మేనేజరు తల ఊపాడు. “వెళ్లు. గురువారం లోపల మాత్రం ఈ కాగితం నా బల్లమీద ఉండాలి.”

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె వెల్లుల్లి ఒలుస్తూ ఆ మాటే పదిసార్లు తిప్పితిప్పి చెప్పింది. అత్తగారు వంటగది గడప మీద కూర్చుని చాకుతో బీన్స్ తరుగుతోంది. వాళ్లింట్లో ఫుడ్ ప్రాసెసర్ లేదు. ఎప్పుడూ లేదు.

“ఇంతకీ వాడికి వేలుందా, పోయిందా?” అంది అత్తగారు.

“ఉందిట. కుట్లు పడ్డాయిట.”

“ఏ వేలు?”

“నాకెలా తెలుస్తుంది అత్తయ్యా?”

“పొద్దుట్నించి నీ పేరు పోయిందని ఏడుస్తున్నావు గదా, వేలేదో కనుక్కున్నావేమో అని,” అని అత్తగారు మళ్లీ బీన్స్ మీదికి వంగింది.

*

టైలర్ ఇల్లు ఒక సందు చివర, మేడ మెట్ల కింద. ముందు గదే దుకాణం. కుట్టు మిషను కిటికీ పక్కన ఉంది. బల్లమీద బూడిదరంగు బడి బట్టల ముక్కలు కత్తిరించి, సుద్ద గుర్తులతో దొంతరగా పేర్చి ఉన్నాయి. మిషను సూది కింద సగం కుట్టిన చొక్కా చెయ్యి అలాగే ఆగిపోయి ఉంది. దాని మీద అప్పుడే సన్నటి దుమ్ము చేరింది.

తలుపు తీసింది భార్య. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టులో ఉంది, మెళ్లోంచి వేలాడుతోంది. వంకర అక్షరాల సంగతి డెమో అక్కకి అప్పుడర్థమైంది.

“మెట్లమీద జారి నెలయింది,” అంది భార్య, అడక్కుండానే. “ఇంకో ఆరు వారాలు కదపకూడదట. వంటంతా ఆయనే. అందుకే కొన్నాం ఆ దిక్కుమాలింది.” డెమో అక్కని ఎగాదిగా చూసింది. “ఏమమ్మా, నువ్వేనా ఆ బల్ల దగ్గర చెప్పేది?”

“నేనేనండీ.”

“బాగా చెప్పావు.”

డెమో అక్క దారి పొడుగునా సిద్ధం చేసుకున్న మాటలు నోటిదాకా వచ్చాయి. ఈలోగా లోపల్నించి టైలర్ వచ్చాడు. సన్నటి మనిషి, యాభై దాటి ఉంటాయి, మెళ్లో టేపు ఉంది. పని లేకపోయినా వేసుకున్నట్టున్నాడు. కుడి చూపుడు వేలికి తెల్లటి కట్టు, చిన్న కొవ్వొత్తిలా నిటారుగా.

“రండమ్మా, కూర్చోండి. మా ఆవిడ ఉత్తరం రాసిన సంగతి నాకు తర్వాత తెలిసింది. ఏమీ అనుకోకండి,” అన్నాడు.

“ఎందుకు అనుకోకూడదు? అనుకోవాలనే రాశాను,” అంది భార్య.

మెకానిక్ ఈ మాటల్లో తల దూర్చే రకం కాదు. ఏడాదిలో రిటైరవ్వబోతున్నవాడు. వంటగదిలోకి నడిచి, గట్టు మీద తువ్వాలు కప్పి ఉంచిన మెషీన్ని బయటికి తీశాడు. ముందు వైరు చూశాడు. కింది రబ్బరు కాళ్లు చూశాడు. గాడిలో టార్చి వేసి లోపలి మీటని చూశాడు. మూత పెట్టి నడిపించాడు, మూత తిప్పి తియ్యగానే ఆగింది. మూడుసార్లు అలా చేశాడు. ప్లగ్గు పీకేసి, “మెషీను శుభ్రంగా ఉంది. ఎలా జరిగిందో ఒకసారి చేసి చూపిస్తారా?” అన్నాడు.

టైలర్ గట్టు దగ్గరికి వచ్చాడు. గిన్నెని రెండు అరచేతుల మధ్య పట్టి పెట్టాడు. తిప్పి, చెవి వంచి, టక్కుమనేదాకా విన్నాడు. కడ్డీ దించాడు. బ్లేడుని ప్లాస్టిక్ పిడి దగ్గరే పట్టుకున్నాడు, కట్టున్న వేలు గాల్లో ఉంచి, మిగతా వేళ్లతో. ఒక్క తప్పూ లేదు. డెమో అక్కకి కోపంలోనూ లోపల ఎక్కడో గర్వంగా అనిపించింది. ‘సరిగ్గా నేర్పలేదు’ అన్న మనిషి ఇప్పుడు చూడాలి అనుకుని భార్య వైపు తిరిగింది.

“ఉల్లిపాయలూ క్యారెట్లూ వేశాను,” అన్నాడు టైలర్. “రెండుసార్లు తిప్పాక ముక్కలు గోడలకి అంటుకుపోయాయి. మూత తియ్యడం, గరిటెతో కిందికి తొయ్యడం, మళ్లీ మూత పెట్టడం. నాలుగుసార్లు చేశాను. ఇటు చూస్తే పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. తొందరపడ్డాను.”

“తొందరపడి?” అన్నాడు మెకానిక్.

టైలర్ గట్టు మీది గరిటె అందుకుని తిరగేశాడు. తల కొంచెం కుడివైపు వాల్చాడు. సన్నటి తోకని ఎడమచేత్తో, బొటనవేలికీ మధ్యవేలికీ నడుమ పట్టుకుని, చిటికెన వేలు గిన్నె అంచుకి ఆనించి, గాడిలోకి దించాడు.

“ఇలా నొక్కి పట్టుకుని, కుడిచేత్తో చెంచా పెట్టి ముక్కల్ని లోపలికి నెట్టాను. చెంచా బ్లేడుకి తగిలింది. చెంచాతో పాటు చెయ్యీ లోపలికి పోయింది.”

మెకానిక్ కాగితం మీద రాసుకుంటూ అడిగాడు. “మీది కుడిచేతి వాటమే కదా? మరి నొక్కడం ఎడమచేత్తో ఎందుకు నొక్కారు? కుడిచేత్తో నొక్కి ఉంటే ఆ తెగేదేదో ఎడమచెయ్యి తెగేది.”

“ఏమోనండీ. అలాగే చెయ్యాలనుకున్నాను.”

“ఎవరు చెప్పారు అలా చెయ్యమని?”

“ఎవరూ చెప్పలేదు,” అన్నాడు టైలర్. గరిటెని జాగ్రత్తగా గట్టు మీద పెట్టేశాడు. డెమో అక్క వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి కిటికీ రెక్క సరిచేశాడు.

డెమో అక్క తన ఎడమచేతిని చూసుకుంది. సంచీ పట్టీ పట్టుకుని ఉంది ఆ చెయ్యి. బొటనవేలికీ మధ్యవేలికీ నడుమ పట్టీ, చిటికెన వేలు విడిగా. ఆ తల వాల్చడం ఎవరిదో, ఆ చిటికెన వేలు ఎవరిదో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆమె నోటిదాకా వచ్చిన మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి.

“మంచినీళ్లిమ్మంటారా?” అన్నాడు టైలర్.

“వద్దండీ,” అంది.

తిరిగి వచ్చేటప్పుడు మెకానిక్ స్కూటర్ నెమ్మదిగా నడిపాడు. పెద్ద రోడ్డెక్కే ముందు ఆపి, తల తిప్పకుండానే అన్నాడు. “అమ్మాయ్, నా పని మెషీను గురించి రాయడం. మూత లాకు పనిచేస్తోంది, లోపం లేదు, అంతే రాస్తాను. మనుషుల గురించి రాసే గళ్లు నా ఫారంలో లేవు.”

“నాకు తెలుసు బాబాయ్.”

“తెలిస్తే సరే,” అని బండి పోనిచ్చాడు.

*

బుధవారం షాపు తలుపులు తెరవడానికి ఇంకా అరగంట ఉంది. కింది అంతస్తులో దీపాలు సగమే వెలుగుతున్నాయి. ఎదురు బల్లమీద ఇస్త్రీ పెట్టెలమ్మే అమ్మాయి గుడ్డతో పెట్టెలు తుడుస్తోంది. నాలుగేళ్లుగా ఆ అమ్మాయి బల్ల అక్కడే. రోజుకి పదిసార్లు డెమో చూస్తుంది, కావాలన్నా వద్దన్నా.

“ఏమే, ఒక మాటడుగుతాను, నిజం చెప్పు,” అంది డెమో అక్క. “నేను మూత తీసి బ్లేడు తిప్పుతాను చూడు, అప్పుడేమంటాను?”

“క్యాబేజీ ఆకు వేసేటప్పుడా? ఏమీ అనరక్కా. నవ్వుతారు.”

“ఇంట్లో చెయ్యకూడదు అంటాను కదా?”

అమ్మాయి గుడ్డ ఆపి ఆలోచించింది. “అంటారా? నేనెప్పుడూ వినలేదే. నేనైతే, మూత అక్కర్లేకుండా తిప్పుకోడానికి కూడా వీలుందని చెప్తున్నారనుకున్నా.”

డెమో అక్క తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. మొదటి ఏడాదిలో బ్లేడు ఆగాక, నిశ్శబ్దంలో ఆ మాట గట్టిగా చెప్పేది. అలా చెప్తే జనం మొహాల్లో ఉత్సాహం చప్పున చల్లారిపోయేది. ఎప్పటినుంచి ఆ మాట మోటారు హోరులోకి జరిగిందో ఆమెకే గుర్తులేదు. మోటారు తిరుగుతుండగా చెప్తే చెప్పినట్టూ ఉంటుంది, చెప్పనట్టూ ఉంటుంది.

సంచీలోంచి ఫారం తీసింది. సోమవారం నుంచీ అది నాలుగు మడతల్లో ఉంది. ‘ఇతర వివరాలు’ అన్నచోట రాయడం మొదలుపెట్టింది. మొదటి వాక్యం రాసి కొట్టేసింది. అందులో మేనేజరు కనుబొమ్మలున్నాయి. కనుబొమ్మలెగరేసింది ఆయనే, గరిటె నొక్కింది తను. కొట్టేసిన దాని కింద మళ్లీ రాసింది.

‘జనాన్ని ఆకట్టుకోడానికి మూత తీసి, గరిటె తోకతో మీట నొక్కి, బ్లేడు తిప్పి చూపించడం నాకు అలవాటు. ఇంట్లో చెయ్యకూడదని చెప్తాను గాని మోటారు మోతలో ఎవరికీ వినపడదు. టైలర్ గారు మిగతావన్నీ సరిగ్గా చేశారు. ఇది కూడా నేను చేసినట్టే చేశారు.’

అచ్చు వేసిన రెండో వాక్యం మీద అడ్డంగా గీత గీసింది. చుక్కల మీద సంతకం పెట్టి, తీసుకెళ్లి మేనేజరు బల్లమీద ఉంచింది.

మేనేజరు కళ్లజోడు పెట్టుకుని చదివాడు. తీసేసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చదివాడు.

“ఇది కంపెనీ వాళ్ల చేతికిస్తే ఏమవుతుందో తెలుసా?”

“తెలుసండీ.”

“పండగలాంటి అమ్మకం నీ బల్లది. వాళ్లకి వంక దొరికితే ఆ బల్లే తీసేస్తారు. ఆ టైలరేమైనా నీ పేరు చెప్పాడా?”

“లేదండీ. చెప్పలేదు.”

“మరింకేం! మెకానిక్ ఏం రాశాడు? మెషీన్లో లోపం లేదని రాశాడు. ఎవరూ అడగని దానికి నువ్వెందుకు పోయి తలకెత్తుకోవడం?”

“ఆయన చెప్పి ఉంటే నేను కాదని దెబ్బలాడేదాన్నేమోనండీ,” అంది డెమో అక్క. “చెప్పలేదు. ఆయనకి తెలుసు, తను చేసింది నన్ను చూసేనని. తెలిసి కూడా కిటికీ సర్దుకుంటూ నిలబడ్డాడు.”

మేనేజరు కొట్టేసిన మొదటి వాక్యం మీద వేలు పెట్టాడు. గీతల కింద ‘మేనేజరు గారు పైనుంచి’ అన్న ముక్క కనపడుతూనే ఉంది. ఆయన చాలాసేపు ఆ ముక్క మీద నుంచి వేలు తియ్యలేదు.

“వేరే ఫారం ఇస్తాను. శుభ్రంగా రాయి,” అన్నాడు చివరికి.

“రాసిందే రాస్తానండీ.”

“రాసిందే రాయి. కొట్టివేతలుంటే బాగోదు.” సొరుగులోంచి కొత్త ఫారం తీసి ఇచ్చాడు. ఆమె తలుపు దాకా వెళ్లాక వెనక నుంచి అన్నాడు. “కొట్టేసింది కూడా రాయాలనుకుంటే రాయి. నేనేం వద్దనను.”

ఆమె రాయలేదు.

గురువారం కంపెనీ మనిషి వచ్చాడు. టై కట్టుకున్న మర్యాదస్తుడు. కాగితాన్ని రెండుసార్లు చదివి ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. ఇలాంటిది ఇదివరకెప్పుడూ చూడలేదన్నాడు. వైద్యం సంగతి కంపెనీ చూసుకుంటుందనీ, కొనుగోలుదారు కోరినట్టు శనివారం మెషీను వెనక్కి తీసుకుంటుందనీ చెప్పాడు. అన్ని షాపులకీ ఒక సూచన వెళ్తుందన్నాడు. విచారణ పూర్తయ్యేదాకా ఆమె బల్ల దగ్గర నిలబడకూడదన్నాడు.

మధ్యాహ్నానికి ఆమె ఏప్రన్ విప్పి మడతపెట్టి, మూడో అంతస్తులో వారంటీ కార్డులకి ముద్ర వేసే గదిలో కూర్చుంది. కిటికీ లేని గది. ముద్ర వేయడానికి మాటలక్కర్లేదు. సాయంత్రానికి ఆమె గొంతు తనకే కొత్తగా వినపడింది.

*

శుక్రవారం ఆమెకి వారపు సెలవు. పది గంటలకి టైలర్ ఇంటి తలుపు తట్టింది. మళ్లీ భార్యే తీసింది.

“రేపు కదా తీసుకెళ్లేది?”

“రేపేనండీ. ఇవాళ షాపు తరఫున రాలేదు. నా అంతట నేనొచ్చాను.”

టైలర్ మిషను దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఎడమచేత్తో గుండీలు పట్టి, కుడి మధ్యవేలితో సూది తోస్తూ కుట్టుకుంటున్నాడు. వేగం లేదు గాని వరస తప్పలేదు. ఆమెని చూసి లేవబోయాడు.

“కూర్చోండి అన్నగారూ. ఒక మాట చెప్పి వెళ్తాను.” ఆమె నిలబడే ఉంది. పదకొండేళ్లు జనం ముందు మాట్లాడిన నోరు తడబడింది. “వదినగారు రాసింది నిజం. నేను సరిగ్గా నేర్పలేదు. ఆ గరిటె విద్య నాదే. మీ వేలికి అయింది నా వల్లే. కంపెనీకి కూడా అలాగే రాసిచ్చాను.”

పైన ఎవరో మెట్లు దిగుతున్న చప్పుడు వినపడి, తలుపు ముందు నుంచి దాటిపోయింది.

భార్య మొగుడి వైపు తిరిగింది. “నీకు తెలుసా?”

“తెలుసు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే ఆ ఉత్తరంలో ఆవిడ ఉద్యోగం కూడా పీకించమని రాసేదానివి,” అన్నాడు టైలర్, గుండీ మీద నుంచి కళ్లెత్తకుండా. “నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ముగ్గురున్నారు. ముగ్గురూ దారం పళ్లతోనే తెంపుతారు. కత్తెర వాడమని నేను వెయ్యిసార్లు చెప్పి ఉంటాను. చెప్తూ చెప్తూ నేను పళ్లతోనే తెంపేవాణ్ణి.”

భార్య కట్టు చేతిని రెండో చేత్తో సర్దుకుంది. డెమో అక్క ఎండలో నడిచొచ్చిందని అప్పుడే గమనించినట్టు, కుర్చీ కాలితో ముందుకి నెట్టింది. “కూర్చో. రాసిచ్చావు సరే. వాళ్లేమన్నారు?”

“ముద్రలేసే గదిలో కూర్చోబెట్టారు.”

“మళ్లీ ఆ బల్ల దగ్గరికి రానిస్తారా?”

“తెలీదండీ.”

“ఊఁ,” అంది భార్య. “మరి ఇప్పుడెందుకొచ్చినట్టు? క్షమాపణ ఫోన్లో కూడా చెప్పచ్చుగా.”

“ఇంకా ఆరు వారాలు మీ చెయ్యి కదపకూడదన్నారు. అన్నగారికి వేలు ఇలా ఉంది. రేపు మెషీను పోతే మళ్లీ చాకూ, తరిగే చెక్కే. ఈ వేలితో చాకు పట్టడం దానికంటే ప్రమాదం. ఉంచుకోమని చెప్పడానికి నాకు నోరు లేదు. ఈసారి సరిగ్గా చూపించాలని వచ్చాను. తర్వాత మీ ఇష్టం.”

“అది నడిస్తే నేను గదిలో ఉండలేను,” అంది భార్య. గొంతు తగ్గింది. “ఆ చప్పుడు వినపడ్డాకే ఈయన కేక వినపడింది.”

“ప్లగ్గు పెట్టనండీ. మీరు పెట్టమనేదాకా పెట్టను.”

వంటగది ఇరుకు. ముగ్గురూ గట్టు ముందు భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. డెమో అక్క తువ్వాలు తీసి, గట్టు తడి లేకుండా తుడిచింది. మెషీన్ని అంచు నుంచి జానెడు లోపలికి జరిపింది. వైరు చివర ప్లగ్గుని భార్య ఎడమచేతిలో పెట్టింది. “ఇది మీ దగ్గరే ఉంచుకోండి. మీ చేతిలో ఉన్నంతసేపూ ఇది ఉత్త గిన్నె.”

భార్య దాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

హాస్యాలేమీ ఆడకుండా డెమో అక్క ఒక్కొక్కటే పెట్టింది. గిన్నె. కడ్డీ. బ్లేడు. ముక్కలు సగానికే వెయ్యమంది, ఎక్కువైతేనే గోడలకి అంటుకుంటాయంది. పెద్ద ముక్కలు వేసే ముందు అంగుళం పొడవు కొయ్యమంది. అంటుకున్నప్పుడు ఆపాలి, బ్లేడు నిలబడాలి, ప్లగ్గు తియ్యాలి, అప్పుడే మూత, అప్పుడే గరిటె. “నాలుగుసార్లు చెయ్యాల్సొస్తే నాలుగుసార్లూ అంతే. విసుగొస్తుంది. నాకూ వచ్చేది. పొయ్యి మీద పాలుంటే ముందు పొయ్యి ఆపెయ్యండి.”

“మరి ఆ గాడి?” అన్నాడు టైలర్.

“ఆ గాడి మూత నాలుక కోసం. ఇంక దేనికీ కాదు.”

తర్వాత అన్నీ విప్పేసి గట్టు మీద పరిచింది. టైలర్ చెయ్యి చాచాడు.

“నువ్వుండు,” అంది భార్య. “నీకు నేర్చుకోవడం ఎక్కువైంది. నేను పెడతాను.” ప్లగ్గుని తీసి మొగుడి జేబులో పడేసింది. గట్టు ముందుకి జరిగి, తన ఎడమచేతిని అనుమానంగా చూసుకుంది. “ఒంటిచేత్తో అవుతుందా ఇది? అదీ ఎడమచేత్తో?”

“నాదీ ఎడమచెయ్యే వదినగారూ. అవుతుంది.”

భార్య గిన్నెని పెట్టింది. అది వంకరగా కూర్చుంది. డెమో అక్క చెయ్యి దానంతటదే ముందుకి లేచింది, పదకొండేళ్ల అలవాటు. సగం దూరం వెళ్లాక ఆగింది. ఆమె ఆ చేతిని వెనక్కి తీసుకుని, రెండో చేత్తో కలిపి వీపు వెనక పట్టుకుంది.

భార్య గిన్నె తీసి మళ్లీ పెట్టింది. తిప్పింది. టక్కుమనలేదు. పళ్ల బిగువున ఇంకాస్త తిప్పబోయి, ఆగి, మొత్తం ఎత్తి, అడుగున గాడి ఎక్కడుందో వేలితో తడిమి చూసుకుంది. మూడోసారి పెట్టింది. టక్కుమంది.

కడ్డీ దిగింది. బ్లేడుని ప్లాస్టిక్ పిడి పట్టుకుని ఎత్తి, కడ్డీ మీదికి నెమ్మదిగా దించింది. మూత తిప్పడానికి గిన్నెని పొట్టకి ఆనించుకోవాల్సి వచ్చింది. నాలుక గాడిలోకి దూరిన చప్పుడుకి ఊపిరి వదిలి, మొగుడి వైపు చెయ్యి చాపింది.

“ప్లగ్గు ఇటియ్యి.”

“పెడతావా?” అన్నాడు టైలర్.

“ముక్కలు వెయ్యకుండా చూస్తాను ముందు. చప్పుడు అలవాటవ్వాలిగా.” ప్లగ్గుని సాకెట్ దాకా తీసుకెళ్లి, డెమో అక్క మొహంలోకి చూసింది. “సరిగ్గా ఉందా చెల్లీ?”

డెమో అక్క ముందుకి వంగింది. వీపు వెనక చేతులు విప్పకుండానే గిన్నెని, మూతని, గాడిని, కళ్లతో ఒకసారి చుట్టి చూసింది.

“ఉంది,” అంది. “పెట్టండి.”